మూర్ఖుడైతే ఎలా సర్దుతాడు?

చిన్నపిల్లలకి వర్గీకరణ నేర్పే కంప్యూటర్ పాఠం ఒకటి తయారుచేశాను. అందులో ఆవాలకి ఒకటే చోటు. మినపప్పుకి ఒకటే చోటు, ఎండుమిరపకాయకి ఒకటే చోటు. ఆ చోట్లు నిర్ణయించింది నేను. కనిపెట్టాల్సింది మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు. కనిపెడితే ట్యాబ్‌లోంచి చప్పట్లు వినిపిస్తాయి. లేకపోతే బొమ్మ జారి మొదటి చోటికే వచ్చేస్తుంది. పిల్లల ఆలోచనకి ఆ పాఠం ఎంత అన్యాయం చేసిందో ఇప్పుడు తెలుస్తోంది. రాస్తున్నప్పుడు మాత్రం మేలు చేస్తున్నాననే నిండా నమ్మాను.

ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్పాలి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద మొదలైన అంగన్‌వాడీల్లో ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు. పిల్లల బరువులు తూచడం, గుడ్లూ పాలూ పంచడం, గర్భిణుల వివరాలు రాయడం, రిజిస్టర్లు నింపడం అన్నీ వాళ్ళ పనే. మూడేళ్ళవాడూ ఐదేళ్ళవాడూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఇవి ఒకే రకమా, వేరు రకమా అని అడిగే తీరిక ఆ టీచరుకి ఎక్కడిది? యంత్రానికి విసుగు లేదు కదా, అడిగిందే వందసార్లు అడుగుతుంది కదా అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాటలో అబద్ధం లేదు. కాకపోతే అది ఏం అడుగుతోంది, జవాబు విన్నాక ఏం చేస్తోంది అన్నది నేను ఆలోచించలేదు.

చేతిలో ఒక సాక్ష్యం కూడా పెట్టుకున్నాను. అభిజిత్ బెనర్జీ, షాన్ కోల్, ఎస్తేర్ దుఫ్లో, లీ లిండెన్ కలిసి గుజరాత్‌లోని వడోదరలో చేసిన పరిశోధన 2007లో వెలువడింది. నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి కూర్చుని లెక్కల ఆటలు ఆడితే, రెండో ఏడాదికి వాళ్ళ లెక్కల మార్కులు 0.47 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. విద్యారంగంలో అది పెద్ద పెరుగుదల. దాన్ని నా ప్రతిపాదనలో మొదటి పేజీలోనే పెట్టాను. అదే వ్యాసంలో, కార్యక్రమం ఆగిపోయిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయిందని కూడా ఉంది. అది రాయలేదు. తొమ్మిదేళ్ళ పిల్లలకి కూడికలు తీసివేతలు సాధన చేయించడానికీ, నాలుగేళ్ళ పిల్లకి లోకాన్ని ఎలా జట్లుగా చూడాలో నేర్పడానికీ మధ్య ఎంత దూరం ఉందో అసలు ప్రశ్నించుకోలేదు. తనకు నచ్చిన వాక్యాన్నే చదివి పక్క వాక్యాన్ని దాటేసిన మనిషి చేతిలోంచి ఎలాంటి పాఠం వస్తుందో అలాంటిదే వచ్చింది.

మొదటి ఆటలో రెండు బుట్టలు. ఒకటి జంతువులకి, ఒకటి బండ్లకి. పది బొమ్మలు వస్తాయి, వేలితో లాగి బుట్టలో వెయ్యాలి. పదిలో 8 సరిగ్గా వేస్తే "నేర్చుకుంది" అని నివేదికలో పచ్చ రంగు పడుతుంది. ఎన్నిసార్లు ఆడినా మంచి మార్కునే ఉంచేలా రాశాను, పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని. నెలలు గడిచేకొద్దీ నివేదిక పచ్చబడుతూ వచ్చింది. దాన్ని చూపించి మాట్లాడాను, మెచ్చుకోళ్ళు అందుకున్నాను.

కాగితం మీద పెట్టి చూస్తే అర్థమయ్యే లెక్క అది. రెండు బుట్టలే ఉన్నప్పుడు, కళ్ళు మూసుకుని వేసినా పదికి 8 గానీ అంతకన్నా ఎక్కువగానీ వచ్చే అవకాశం 1,024లో 56. అంటే ఏమీ తెలియని 18 మందిలో ఒకరు మొదటి ఆటలోనే పచ్చగీత దాటేస్తారు. అదే పిల్ల 12 సార్లు ఆడితే, వాటిలో ఒక్కసారైనా దాటే అవకాశం దాదాపు సగం. నేను ఉంచుకున్నది మంచి మార్కునే కాబట్టి, ఆ ఒక్కసారే నివేదికలో మిగులుతుంది. బుట్టలు మూడు పెట్టి ఉంటే, గుడ్డిగా వేసి గీత దాటేవాళ్ళు 294లో ఒకరే. ఇంజనీరింగ్ చదివిన మనిషిని, ఈ లెక్క వెయ్యడానికి ఐదు నిమిషాలు చాలు. వెయ్యలేదు. పెరుగుతున్న అంకె ముందు నిలబడి దాన్ని ప్రశ్నించాలని ఎవరికి అనిపిస్తుంది?

అసలు తప్పు బొమ్మల్లోనే ఉందని తర్వాత తెలిసింది. కొన్న బొమ్మలు అవి. జంతువులన్నీ పచ్చిక మీద నిలబడి ఉన్నాయి, బండ్లన్నీ బూడిదరంగు రోడ్డు మీద. ఒకసారి రోడ్డు మధ్యలో నిలబడ్డ గేదె బొమ్మ పెట్టి చూశాను. మన ఊళ్ళలో గేదె నిలబడేది ఎక్కువగా అక్కడేగా. బాగా ఆడే పిల్లల్లో చాలామంది దాన్ని బండ్ల బుట్టలో వేసి చప్పట్ల కోసం ఎదురుచూశారు. గేదెని రోజూ చూసే పిల్లలు వాళ్ళు. దాన్ని కడగడానికి చెరువు దాకా వెంట వెళ్ళే పిల్లలు. వాళ్ళకి గేదె ఏమిటో తెలియక కాదు, ఆ ఆటలో గేదెతో పనిలేదని తెలిసిపోయింది. పచ్చగా ఉంటే ఇటు, బూడిదగా ఉంటే అటు. అంత తక్కువ శ్రమతో చప్పట్లు వచ్చే దారి కనిపెట్టినందుకు వాళ్ళని తప్పుపట్టలేం. నేర్పాలనుకున్నదాన్ని కాకుండా, నేను పట్టించుకోకుండా వదిలేసిన దాన్ని యంత్రం చక్కగా నేర్పింది.

పెద్దవీ చిన్నవీ వేరుచేసే ఆట ఇంకా అన్యాయం. తెర మీద ఏనుగూ, చీమా ఒకే కొలతలో ఉన్నాయి, ఎందుకంటే బొమ్మలన్నీ ఒకే గడిలో ఇమడాలి. రెండూ సమానమన్న పిల్లవాడికి బొమ్మ వెనక్కి జారింది. వాడు కళ్ళకి కనిపించిందే చెప్పాడు. చింతగింజనీ గులకరాయినీ అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది, నునుపు తెలుస్తుంది, ఏది పగులుతుందో ఏది పగలదో తెలుస్తుంది. గాజుపలక వాటన్నిటినీ ఒకే చల్లదనంగా మార్చేస్తుంది. వస్తువుల తేడాలు నేర్పాల్సిన పాఠానికి, తేడాలన్నీ చెరిపేసే సాధనాన్ని ఎంచుకున్నాను.

ఇవన్నీ సరిచేసుకోగల తప్పులే. వెనుక రంగులు తీసేయొచ్చు, బుట్టలు పెంచొచ్చు, మార్కుల లెక్క మార్చొచ్చు. కొన్నాళ్ళకి అవన్నీ చేశాను కూడా. నన్ను ఇప్పటికీ వదలనిది తాలింపు సంగతి.

ఆ ఆటలో బుట్టలు మూడు: పప్పులు, కూరగాయలు, మసాలా దినుసులు. ఒక పాప ఆవాలు, మినపప్పు, ఎండుమిరపకాయ, కరివేపాకు నాలుగూ ఒకే బుట్టలోకి లాగుతోంది. కొన్ని నిలిచాయి, కొన్ని వెనక్కి జారాయి. మళ్ళీ లాగింది. మళ్ళీ జారాయి. పక్కనే ఉన్న అంగన్‌వాడీ టీచరు నవ్వుతూ, "ఆ పిల్ల తాలింపు వేస్తోందండీ" అంది. పాప కూడా తలెత్తి, "అన్నీ నూనెలోనే కదా వేస్తారు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు నా నోట్సు పుస్తకంలో, ఈ నాలుగు బొమ్మలూ పిల్లలని గందరగోళపెడుతున్నాయి, తీసేయాలి అని రాసుకున్నాను. తర్వాతి రూపంలో తీసేశాను.

ఆ పాప చెప్పింది కారణం. నాలుగు వేర్వేరు ఆకారాలు, నాలుగు రంగులు, ఒకటి గింజ, ఒకటి పప్పు, ఒకటి కాయ, ఒకటి ఆకు. కళ్ళకి కనిపించే ఏ పోలికా లేని వాటిని, కనిపించని ఒక సంబంధంతో కట్టింది. ఆ సంబంధం ఏమిటో మాటల్లో పెట్టి చెప్పింది. వర్గీకరణ అంటే అదే. దాన్ని నేర్పడానికే నేను అక్కడున్నాను. ఆ పని నా కళ్ళముందు జరుగుతుంటే గందరగోళం అని పేరు పెట్టాను. మన వంటింట్లో పోపుల పెట్టె సర్దేది కూడా ఆ పద్ధతిలోనే. మినపప్పు కందిపప్పు పక్కన డబ్బాలో ఉంటుంది, మళ్ళీ కొంచెం ఆవాల పక్కన చిన్న గిన్నెలోనూ ఉంటుంది. రెండు చోట్లా దానికి హక్కుంది. నా పాఠంలో లేదు.

ఆ తర్వాత చాలా ఆలస్యంగా, చదవాల్సినవి చదివాను. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజేని అంతకుముందే చదివాను కానీ అక్కడితో ఆగిపోయి ఉన్నాను. సోవియట్ మనస్తత్వవేత్త అలెగ్జాండర్ లూరియా 1931, 32 సంవత్సరాల్లో ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతుల ముందు సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు పెట్టి, ఇందులో చేరనిది ఏది అని అడిగాడు. బడి చదువు లేని రైతులు దుంగని తీసేయడానికి ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపానికీ గొడ్డలికీ పనేముంది అన్నారు. అది చదువుతుంటే పాప గొంతు వినిపించింది.

ఇంకొకటి లైబీరియాలోని క్పెల్లే జాతి రైతులతో మైకేల్ కోల్, జోసెఫ్ గ్లిక్ తదితరులు చేసిన పని. తిండి వస్తువులు, బట్టలు, పనిముట్లు, వంటపాత్రలు, మొత్తం 20 వస్తువులు ముందు పెట్టి, కలిసేవాటిని కలపమన్నారు. రైతులు కత్తిని పండుతో కలిపారు, కత్తి పండుని కోస్తుంది కాబట్టి. తెలివైనవాడు ఇలాగే చేస్తాడని వాళ్ళే చెప్పారు కూడా. ఎంత అడిగినా అదే తీరు. చివరికి విసిగిపోయిన పరిశోధకుడు, సరే, మూర్ఖుడైతే ఎలా సర్దుతాడు అని అడిగాడు. వెంటనే తిండి తిండితో, పనిముట్లు పనిముట్లతో, బట్టలు బట్టలతో, పాత్రలు పాత్రలతో నాలుగు కుప్పలు చక్కగా పెట్టారు. పరిశోధకుడు మొదటినుంచీ సరైనదిగా ఎదురుచూస్తున్న జవాబు అదే.

ఈ ఉదంతం మీద పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. వాళ్ళకి రెండు పద్ధతులూ వచ్చు. ఏది ఎప్పుడు వాడాలో వాళ్ళకొక అభిప్రాయం ఉంది. తెలియనిది అడిగినవాళ్ళకే. నేను రాసిన యంత్రం ఆ రెండు పద్ధతుల్లో ఒకదానికే చప్పట్లు కొడుతుంది, రెండోదాన్ని నాలుగేళ్ళ పిల్లలచేత మాన్పిస్తుంది. పైగా ఆ పరిశోధకుడు చివర్లో అడిగిన ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇంకోలా కూడా సర్దొచ్చా అని ఒక్క పిల్లనైనా అడగలేదు. అడిగే వీలు ఆ పాఠంలో పెట్టలేదు.

వస్తువుల్ని రకాలవారీగా పేర్చడం మూర్ఖత్వమని నేను అనడం లేదు. ఆ పొరపాటు కూడా చెయ్యదలచుకోలేదు. బడికి అది కావాలి, శాస్త్రానికి అది కావాలి. సూజన్ గెల్మన్, ఎలెన్ మార్క్‌మన్ 1986లో చూపించినది నాకు చాలా ఇష్టం. నాలుగేళ్ళ పిల్లలకి ఒక ఫ్లెమింగో పక్షినీ, ఒక గబ్బిలాన్నీ చూపించి, ఒక్కోదాని గురించి ఒక్కో సంగతి చెప్పారు. తర్వాత గబ్బిలంలా కనిపించే ఒక నల్లపక్షిని చూపించి, దీనికి ఏది వర్తిస్తుందని అడిగితే, ఎక్కువమంది పిల్లలు రూపాన్ని పక్కనపెట్టి పక్షి గుణాన్నే దానికి ఇచ్చారు. కనిపించేదాన్ని దాటి లోపలి సంగతి ఊహించడానికి రకం అన్నది పనికొస్తుందని ఆ వయసుకే వాళ్ళకి తెలుసు. వర్గీకరణలో ఉన్న బలమంతా అందులో ఉంది. నా ఆటలో బొమ్మ బుట్టలో పడగానే పాఠం అయిపోయేది. ఆ రకం తెలిసినందువల్ల ఇంకేం తెలుస్తుంది అన్న ప్రశ్న దాకా మేం ఒక్కరోజూ వెళ్ళలేదు.

నా ఆత్రం ఇంకా పైకి పాకింది. మూడో మెట్టుగా పియాజే ప్రశ్న పెట్టాను. తెర మీద ఆరు బంతిపూలు, రెండు మల్లెలు. బంతిపూలు ఎక్కువా, పువ్వులు ఎక్కువా? ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో చాలామంది బంతిపూలే ఎక్కువంటారని పియాజే చాలా ముందే రాశాడు. మొత్తాన్నీ అందులో భాగాన్నీ ఒకేసారి మనసులో పట్టుకోవడం ఆ వయసుకి బరువు. మా పిల్లలు ఐదేళ్ళకే సరిగ్గా చెప్తున్నారని గర్వపడ్డాను. తప్పు చెప్పినప్పుడల్లా బొమ్మ జారుతుంటే వాళ్ళు నేర్చుకున్నది "పువ్వులు" అన్న బొత్తాం నొక్కడం. కోళ్ళ గంప ముందు కూర్చోబెట్టి, పెట్టలు ఎక్కువా, కోళ్ళు ఎక్కువా అని టీచరు అడిగితే, పెట్టలే అన్నారు. అది ఆ వయసుకి తగిన జవాబే, అందులో లోపం లేదు. లోపం, ఆ వయసుని తొందరపెట్టిన నా దగ్గర ఉంది.

ఫిలిప్ జెలాజో వాడిన కార్డుల ఆట నా తప్పుని ఇంకో వైపునుంచి చూపించింది. కుందేళ్ళు, పడవలు బొమ్మలుగా ఉన్న ఎర్రవీ నీలివీ కార్డులు. ముందు రంగు ప్రకారం వేయమంటే మూడేళ్ళ పిల్లలు చక్కగా వేస్తారు. ఇప్పుడు రంగు వద్దు, ఆకారం ప్రకారం వేయమంటే, కొత్త నియమం నోటితో చెప్తూనే చేత్తో పాత పద్ధతిలోనే వేస్తారు. ఐదేళ్ళకి ఎక్కువమంది మారగలుగుతారు. ఒకే వస్తువుని ఒక లెక్క ప్రకారం ఇక్కడా, ఇంకో లెక్క ప్రకారం అక్కడా చూడగలగడం ఆ రెండేళ్ళలో పిల్లలు పడే పెద్ద శ్రమ. సరిగ్గా ఆ రెండేళ్ళలో, ప్రతి బొమ్మకీ శాశ్వతంగా ఒకే చోటు ఉంటుందని రోజూ చప్పట్లతో చెప్పాను. పచ్చిమామిడి పప్పులోకి వెళ్తుంది, పండితే పళ్ళలోకి వెళ్తుంది. ఈ సంగతి తెలిసిన పిల్లలకి, కాదు, ఒక్క చోటే అని నేర్పాను.

కొత్త పాఠం వేరుగా రాశాను. కంప్యూటర్‌ని వదిలెయ్యలేదు, దానికి చేతనైన పని ఉంది. డెడ్రె జెంట్నర్, లారా నేమీ 1999లో చూపించినట్టు, ఒక్క ఆపిల్ చూపించి ఇలాంటిది ఇంకొకటి వెతకమంటే చిన్నపిల్లలు గుండ్రటి బెలూన్ వైపు పోతారు. ఆపిల్‌నీ, బేరిపండునీ పక్కపక్కన పెట్టి, రెండిటికీ ఒకే పేరు చెప్పి అడిగితే, అరటిపండు వైపు తిరుగుతారు. రెంటిని పోల్చుకుంటే ఆకారం కింద ఉన్నది బయటపడుతుంది. అలాంటి జతలు వెంటవెంటనే, రకరకాలుగా, వెనుక రంగులు మార్చి చూపించడం మనిషికంటే యంత్రానికి తేలిక. ఇప్పుడు ఎప్పుడూ ఒక్క బొమ్మ రాదు, జతే వస్తుంది. ముందు చాప మీద అసలు వస్తువులు, ఆ తర్వాతే తెర. చింతగింజలు, గవ్వలు, గుండీలు, పప్పులు, ఆకులు చేత్తో ఏరాక కానీ ట్యాబ్ తెరుచుకోదు, దాని తాళం టీచరు దగ్గర ఉంటుంది.

బుట్టలకి పేర్లు తీసేశాను. పియాజే దగ్గర జెనీవాలో పనిచేసి, 1960ల చివర్లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషని రూపొందించిన వాళ్ళలో ఒకడైన సేమూర్ పాపర్ట్, కంప్యూటర్ పిల్లని నడిపించడం కాక పిల్లే కంప్యూటర్‌ని నడిపించాలని జీవితమంతా వాదించాడు. ఆ మాటని చదివినప్పుడు మెచ్చుకుని పక్కనపెట్టాను, ఇప్పుడు పనిలో పెట్టుకున్నాను. పిల్లలు తమకి నచ్చినట్టు బొమ్మల్ని కలిపి, ఆ బుట్ట పేరు తమ గొంతుతో చెప్తారు. ట్యాబ్ ఆ గొంతుని దాచుకుంటుంది, ఇంకోలా సర్దొచ్చా అని అడుగుతుంది, చప్పట్లు కొట్టదు. తాలింపు బొమ్మలు నాలుగూ మళ్ళీ చేరాయి. "అమ్మ కొట్టుకి పంపితే తెచ్చేవి", "ముట్టుకుంటే చెయ్యి మండేవి", "తాతయ్య తినలేనివి". ఇలాంటి బుట్టలు వస్తున్నాయి. తాతయ్య తినలేని వాటిలో వేరుశనగపప్పు, చెరకుముక్క, జంతికలు ఉన్నాయి. ఈ మూడింటినీ కలపమని నన్ను అడిగితే, నాకు తట్టేది కాదు.

ఇందులో తేలని చిక్కు ఒకటి ఉంది. ఆ గొంతులని ఎవరో వినాలి. వినడానికి టీచరుకి తీరిక కావాలి. తీరిక లేదనే కదా ఈ పని మొదలుపెట్టింది. యంత్రం చేత వినిపించే ప్రయత్నాలు చూశాను. నాలుగేళ్ళ పిల్ల మాటని అది పట్టుకోలేకపోతోంది, పట్టుకున్నా కారణం మంచిదో కాదో తేల్చడానికి మళ్ళీ నాలాంటివాడు రాసిన జాబితానే వెతుకుతోంది. అందుకే దానికి నేను ఒప్పుకోలేదు. వారానికి కొన్ని బుట్టలే వినండి, అన్నీ వద్దు అని టీచర్లతో ఒప్పందానికి వచ్చాం. పై అధికారులకి మాత్రం ఇప్పటికీ ఒక అంకె కావాలి. పచ్చ రంగు ఏమైందని అడుగుతున్నారు. ఒక్కో పిల్ల ఒకే వస్తువుల్ని ఎన్ని రకాలుగా సర్దగలిగింది అన్న లెక్క పంపుతున్నాను. అది వాళ్ళకి నచ్చడం లేదు, పోయిన ఏడాది అంకెతో పోల్చడానికి కుదరదంటున్నారు. నిజమే, కుదరదు. పోయిన ఏడాది అంకె దేన్నీ కొలవలేదని రాసి పంపాను, నా సంతకంతో.

పాత పాఠం ఇంకా కొన్ని ట్యాబ్‌లలో ఉంది. దాన్ని తీయించమని అడుగుతూనే ఉన్నాను. పిల్లలకి చప్పట్లు ఇష్టమని, ఉంచమని కొన్నిచోట్ల అంటున్నారు. అలాంటిచోట, కనీసం బొమ్మ వెనక్కి జారినప్పుడల్లా పక్కన కూర్చున్నవాళ్ళు, నువ్వు అక్కడ ఎందుకు వేశావమ్మా అని అడగమని చెప్పి వస్తున్నాను.